బుక్కు వాచింది

మే 6

గంటమ్మకు,

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. మోకాళ్లు మాత్రం వాటి ఇష్టమొచ్చినట్టు ఉన్నాయి. స్కూలు లైబ్రరీ వాళ్లు పాత పుస్తకాలన్నీ ఒకేసారి తెచ్చి మన బైండింగు కొట్టు నిండా పోశారు. సెలవులు అయిపోయేలోపు అన్నిటికీ కొత్త కట్టు కట్టి ఇవ్వాలట. కుర్చీ మీద కూడా పుస్తకాలే ఉన్నాయి, అందుకని భూగోళం పుస్తకాల దొంతర మీద కూర్చుని ఇది రాస్తున్నాను.

నిన్న నువ్వు ఫోను చేసినప్పుడు నేను కటింగ్ మిషను దగ్గర ఉన్నాను. అది తిరుగుతుంటే నెత్తిన పిడుగు పడ్డా నాకు వినబడదు. తిరగకపోయినా ఎడమ చెవి అంతంత మాత్రమే. పక్క కొట్టు కాగితాలాయన ఫోనెత్తాడు. ఆయన సంగతి నీకు తెలుసుగా. ఎవరేం చెప్పినా విన్నది విన్నట్టు రాసిస్తాడు, అర్థం చేసుకోవడం తన పని కాదంటాడు. నాకు తెచ్చిచ్చిన చీటీలో ఇలా ఉంది: "బీదకోడలు. బస్టాండులో పని. బుక్కు వాచింది. కట్టు వారానికి విప్పుతారు. బందులు వాడుతున్నది. దువ్వు రావద్దు."

నాకు కొడుకే లేడు, కోడలెక్కడి నుంచి వచ్చింది, అందులోనూ బీదది, అని కాసేపు తల పట్టుకున్నాను. బస్టాండు అన్న మాట చూసి నువ్వేనని తేల్చుకున్నాను. ఆ 'దువ్వు' ఏమిటో ఇప్పటికీ తెలియలేదు. ఎవరో బొంగురు గొంతు మనిషి మాట్లాడిందన్నాడు. నీకు తిండి పెట్టేది ఆ గొంతే, పడిశం పట్టించుకున్నావేమో చూసుకో.

అసలు సంగతి మాత్రం అర్థమైంది. నీకు ఉద్యోగం వచ్చిన ఏడాది నేను తోలు వీపు వేసి కట్టి ఇచ్చిన నిఘంటువుని నీళ్లపాలు చేశావు. వాచిందంటే కాస్త తడి కాదు, బాగా నానింది. పైగా దాని కట్టు ఎవరో విప్పుతారట. ఎవరమ్మా వాళ్లు? మేనత్తది బైండింగు కొట్టు అయి ఉండి, నా చేతి కుట్టు ఊరివాళ్లెవరో విప్పుతారా? బందులు కట్టి ఉంచావు కనక అంతవరకు నయం, ఆకారం చెడదు.

ఇప్పుడు చెప్పింది చెయ్యి. ఎండలో పెట్టకు. పొయ్యి దగ్గరకు తీసుకెళ్లకు. నిలబెట్టి గాలికి ఆరనివ్వు. వాపు సగం తీశాక రెండు చెక్కల మధ్య పెట్టి, మీద బరువు వేసి గట్టిగా బిగించు. తొందరపడి వేళ్లతో లాగావో, వీపు చీలిపోతుంది. అప్పటికీ కుదరకపోతే నాకు పంపించు, విప్పి మళ్లీ కుడతాను.

కోపం ఉంది కానీ నీ మీద కాదు, నీళ్ల మీద.

అత్తయ్య


మే 9

అత్తయ్యా,

నీ ఉత్తరం చదివితే నవ్వాగలేదు. నేను ఇప్పుడు నవ్వకూడదు. పై పెదవి సాగితే ముక్కు కింద కుట్లు లాగుతాయి. చేత్తో మూతి నొక్కి పట్టుకుని ఊగిపోతుంటే, ఏమైందోనని పక్క గదిలో అద్దెకుండే నర్సు పరుగెత్తుకొచ్చింది.

అది బుక్కు కాదు అత్తయ్యా. ముక్కు.

నాకు ముక్కుకి ఆపరేషను అయింది. లోపల దూది కుక్కారు, పైన కట్టు కట్టారు. ముక్కులోంచి గాలి పోకపోతే 'మ' అనబోతే 'బ' వస్తుంది, 'న' అనబోతే 'ద' వస్తుంది. కావాలంటే నువ్వూ ముక్కు మూసుకుని 'మేనకోడలు' అని చూడు. మందులు బందులయ్యాయి, నువ్వు దువ్వయ్యావు. పాపం కాగితాలాయన తప్పేమీ లేదు. నిఘంటువు నా తల దగ్గరే క్షేమంగా ఉంది.

ఎందుకు చేయించుకున్నానో చెబుతాను. ఇక మీదట బస్టాండుల్లో మైకు ముందు మనిషి కూర్చుని బస్సుల వివరాలు చెప్పడం ఉండదు. ఒకే గొంతు రికార్డు చేసి అన్ని ఊళ్ల బస్టాండుల్లోనూ అదే వేస్తారు. వడపోతలన్నీ అయి, నేనూ ఇంకో బస్టాండు అమ్మాయీ మిగిలాం. గొంతు నచ్చినవాళ్లకి ఆ రికార్డింగు విభాగం, నచ్చనివాళ్లకి పార్సిల్ కౌంటరు. పార్సిల్ కౌంటరు తక్కువదని కాదు. నా దగ్గర ఉన్నది గొంతు ఒక్కటే, అది అక్కర్లేదంటే నేను ఎందుకు పనికొస్తానో నాకు తెలియదు.

మొదటిసారి విన్నప్పుడు రికార్డింగు ఆయన, "గొంతు బాగుందమ్మా, కానీ ఊపిరిలో ఈల వస్తోంది" అన్నాడు. నా ముక్కు లోపలి గోడ మొదటి నుంచీ వంకరే కదా. బస్టాండు రొదలో ఎవరికీ తెలియలేదు. స్టూడియో మైకు మాత్రం చాడీలు చెప్పేసింది. అసలు రికార్డింగు జూన్ ఒకటిన. ఈలోపు గోడ సరిచేయించుకుంటే చాలనుకున్నాను. బయటి ఎముక కూడా అటే ఒరిగి ఉంది, రెండూ కలిపి సరిచేస్తేనే గాలి ఆడుతుందన్నారు డాక్టరుగారు. వాపు దాని ఇష్టప్రకారం తగ్గుతుందని కూడా అన్నారు. ఆవిడన్న మాటల్లో నేను 'తగ్గుతుంది' అన్నది ఒక్కటే విన్నాను.

ముందే ఎందుకు చెప్పలేదంటావు. మావయ్యకి కూడా చిన్న ఆపరేషనే అన్నారు, ఆయన మళ్లీ ఇంటికి రాలేదు. ఇదే ఊరు. ఆ ఆసుపత్రి వరండా బెంచీ మీద నువ్వు మళ్లీ కూర్చోవడం నేను చూడలేను. అందుకే అంతా అయ్యాక ఫోను చేశాను.

బెంగపడకు, నర్సు నన్ను కాపలా కాస్తోంది. తల ఎత్తుగా ఉండాలని దిండ్లు పేర్చి ఆనుకుని పడుకోబెడుతోంది. మొదట్లో ఐసుని గుడ్డలో చుట్టి బుగ్గల మీద పెట్టేది, ముక్కుని మాత్రం తాకనిచ్చేది కాదు. వంగకూడదు, బరువెత్తకూడదు, ముక్కు చీదకూడదు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. ఉప్పు తగ్గించింది, నీళ్లు పోటీపడి తాగిస్తోంది. కళ్లజోడు ముక్కు మీద ఆనకూడదని టేపుతో నుదుటికి అంటించింది. అద్దంలో నన్ను నేను చూసి దణ్ణం పెట్టబోయాను, ఎవరో పెద్దావిడ అనుకుని.

ఇంక కొన్నాళ్లు మనకి మాటలు లేవు. నువ్వు మాత్రం రావద్దు.

గంట


మే 12

మేనకోడలికి,

ఉత్తరం అందింది. చదివి వెళ్లి కాగితాలాయన్ని తిట్టాను. మళ్లీ చదివి, మళ్లీ వెళ్లి తప్పయిందని చెప్పి వచ్చాను.

ముక్కు అని తెలియక రెండు చెక్కల మధ్య పెట్టి బిగించమని రాశాను. ఆ ఉత్తరం వెంటనే చింపెయ్యి.

నీకు కోపం వచ్చినా సరే, ముక్కుసూటిగా అడుగుతాను. మత్తుమందు ఇచ్చి, కత్తి పెట్టి కోసే పనిని నాకు చెప్పకుండా ఎలా చేయించుకున్నావు? మావయ్య పేరు ఎత్తావు. ఆయన లోపలికి వెళ్లేటప్పుడు కనీసం నాకు చెప్పి వెళ్లారు. ఆ బెంచీ మీద కూర్చోవడం కష్టమే. ఇక్కడ ఏమీ తెలియకుండా కూర్చోవడం తేలికని నీకెవరు చెప్పారు?

ఆ ఈల తీయించేశావన్నమాట. నువ్వు ఫోను చేస్తే హలో అనకముందే ఈల వినబడేది. ఈ చెవితో ఎవరు ఏమంటున్నారో తెలియని నాకు, నువ్వేనని తెలిసేది దానివల్లే. స్టూడియో వాళ్లకి నచ్చలేదంటే ఏం చేస్తాం.

మన మధ్య మాటలు లేవని రాశావు. రావద్దని కూడా రాశావు. నేను చేసిన తప్పేమిటో తెలియదు కానీ, సరే. మాటలు లేనివాళ్ల ఇంటికి పిలవకుండా వచ్చే మనిషిని కాదు. ఆ ఊరికి రావాలన్న సరదా కూడా నాకు లేదు, ఎందుకో నీకు తెలుసు.

లోపల బిగుసుకుపోతే వేడినీళ్ల ఆవిరి పట్టు. నాకు పడిశానికి అదే పనిచేస్తుంది. ఇది పెద్దదాన్ని గనక చెప్పడం, అంతే.

ఇట్లు,
మీ నాన్న అక్కగారు


మే 17

అత్తయ్యా,

మాటలు లేవంటే ఆ మాటలు కాదు. నోరు తెరిచి మాట్లాడవద్దని డాక్టరుగారు అన్నారు, అందుకని ఫోను చేయలేను, ఉత్తరాలే రాసుకుందాం అని. నీతో మాటలు మానేసి నేనెక్కడికి పోతాను? నాకు మాటలు నేర్పిందే నువ్వు. 'మీ నాన్న అక్కగారు' అన్న సంతకం చూసి ఏడుపొచ్చింది. ఏడిస్తే ముక్కు ఇంకా వాస్తుందని నర్సు కేకలేసింది.

చెప్పకపోవడం తప్పే. నీకు నొప్పి తప్పించాననుకున్నాను, వెనక్కి జరిపానంతే.

కట్టు తీశారు. కట్టు తీస్తే కొత్త ముక్కు బయటపడుతుందనుకున్నాను. బయటపడింది వంకాయంత ముక్కు. కట్టు అదిమిపెట్టి ఉంచింది తీసేసరికి ఇంకాస్త పొంగిందట, అది మామూలేనట. సన్న టేపులు వేసి పంపారు. కళ్ల కింద నల్లగా ఉన్నది పచ్చబడింది. పొద్దున లేచేసరికి ఎక్కువగా ఉంటుంది, సాయంత్రానికి కాస్త తీస్తుంది, మళ్లీ పొద్దున్నే మొదటికొస్తుంది. పైన కనిపించే వాపు తొందరగానే తగ్గుతుందట, లోపలిదానికి ఇంకా వారాలు పడుతుందట, ముక్కు కొన మెత్తబడి కుదురుకునేసరికి ఏడాది కూడా పట్టొచ్చట. నాకున్నది జూన్ ఒకటి దాకా.

ఇది చెప్పకూడదనుకున్నాను. కానీ చెప్పకుండా దాచే జబ్బు ఇప్పుడే కదా మానుకున్నాను. ఆవిరి పట్టాను. నర్సు డ్యూటీకి వెళ్లినప్పుడు గిన్నె మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. కాసేపటికి ముక్కులోంచి రక్తం కారింది. డాక్టరుగారు చూసి పెద్ద నష్టం లేదన్నారు, వేడి తగిలితే వాపూ రక్తమూ ఎక్కువవుతాయని బాగా తిట్టారు. తొందర నాది, నిన్ను అనడం లేదు. నీ ఉత్తరం రాకపోయినా ఏదో ఒకటి చేసి ఉండేదాన్నే.

ఇప్పుడు ఉప్పునీళ్ల స్ప్రే కొట్టుకుంటున్నాను, మెల్లగా వరండాలో నడుస్తున్నాను, వెల్లకిలా పడుకుంటున్నాను. జ్వరం వచ్చినా, ఒక పక్కే వాచినా, రక్తం ఆగకపోయినా వెంటనే రమ్మన్నారు. అవేమీ లేవు. ఉన్నదల్లా ఒక్కటే బాధ. పొద్దున్నే ప్లాట్‌ఫారాల వరస చదవబోయి 'మూడో నంబరు' అంటాను, 'బూడో దంబరు' వస్తుంది. గొంతులో ఏ లోపమూ లేదు. దారి మూసుకుని ఉంది, అంతే. ఆ ఇంకో అమ్మాయికి ముక్కు బాగానే ఉంది, మూడూ బాగానే ఉంది. నాకు భయంగా ఉంది అత్తయ్యా.

ఇప్పుడు కూడా రాకు. నన్ను ఇలా చూస్తే నీకు మావయ్యే గుర్తొస్తాడు.

గంట


మే 22

గంటమ్మకు,

ఇకమీదట నేను నీకు సలహాలివ్వను. ఇంతవరకు రెండిచ్చాను. ఒకటి ముక్కుని ప్రెస్సులో బిగించమని, రెండోది రక్తం తెప్పించింది. ఇంక చాలు. డాక్టరుగారు చెప్పింది విను, నర్సు చెప్పింది విను, నేనేమైనా చెబితే చెవిన వేసుకోకు. ఆ రక్తం సంగతి చదివాక రెండు పూటలు మెతుకు దిగలేదు. ఇది చెప్పకుండా ఉండాల్సింది, కానీ మనం దాచడాలు మానుకున్నాం కదా.

కొట్టు సంగతులు రాస్తాను, వాటిలో ఎవరికీ ప్రమాదం లేదు.

మొన్న గాలివానకి కప్పు కారింది. లైబ్రరీ పుస్తకాలు అప్పటికే అట్టలూడదీసి, పాత దారాలు కోసి, ఫారాలు ఫారాలుగా విడదీసి పెట్టాను. ఫారమంటే నీకు గుర్తుందిగా, మడిచిన కాగితాల బొత్తి. చిన్నప్పుడు నా పక్కన కూర్చుని వాటిని లెక్క తప్పించేదానివి. ప్రతి పుస్తకంలోనూ కొన్ని ఫారాలు తడిశాయి, కొన్ని తప్పించుకున్నాయి. కాగితాలాయన వచ్చి చూసి, "అయ్యో, పని మొత్తం ఆగిపోయిందే, ఇవన్నీ ఆరేదాకా ఏం చేస్తారు?" అన్నాడు. నలభై ఏళ్లుగా పక్కనే ఉన్నాడు, బైండింగంటే ఏమిటో ఇప్పటికీ తెలియదు. పుస్తకాన్ని ఎవరైనా ఒక్క కుట్టులో కుడతారా? పొడిగా ఉన్న ఫారాలు ముందు కుట్టేస్తున్నాను, తడివి పక్కన గాలికి పెట్టాను. ఎక్కడ ఏది రావాలో ఆ చోటు వదిలిపెడుతున్నాను. ఆరినప్పుడు ఆరతాయి, వాటి చోట్లో అవి వచ్చి కూర్చుంటాయి. చదివేవాడికి ఏది ముందు కుట్టానో ఏది తర్వాత కుట్టానో తెలియను కూడా తెలియదు.

కప్పు వేసేవాడు రేపు రేపంటూ తిప్పుతున్నాడు. గిన్నెలన్నీ చినుకుల కింద ఉన్నాయి, వంట చేసుకోవడానికి ఒక్కటి మిగిలింది.

రావద్దని మళ్లీ రాశావు. సరేలే.

అత్తయ్య


జూన్ 3

అత్తయ్యా,

సలహాలివ్వనని రాసి అంత పెద్ద సలహా ఇచ్చావు.

నీ ఉత్తరం రికార్డింగుకి కాస్త ముందు అందింది. మొదటిసారి చదివినప్పుడు కప్పు కారిందని బాధపడ్డాను. మర్నాడు ఉప్పునీళ్లు కొట్టుకుంటూ అంకెలు అప్పజెప్పుకుంటుంటే నీ ఫారాలు గుర్తొచ్చాయి. ఒకటి బాగానే వచ్చింది. రెండు తడి. మూడు తడి. నాలుగు తడి. ఐదు, ఆరు, ఏడు మూడూ పొడి. ఎనిమిది తడి, తొమ్మిది మరీ తడి. పది పొడి. సగానికి సగం అత్తయ్యా. 'బస్సు' పొడి, 'దయచేసి' పొడి, 'బయలుదేరుతుంది' ఒక్క సున్నా దగ్గర చెమ్మగిల్లుతుంది.

జూన్ ఒకటిన వెళ్లి రికార్డింగు ఆయన్ని ఒక్కటే అడిగాను. మీరు వాక్యాలు రికార్డు చేస్తారా, మాటలు చేస్తారా అని. మాటలే, విడివిడిగా తీసుకుని తర్వాత మిషను కలిపి కుడుతుందన్నాడు. కుడుతుందనే అన్నాడు, ఒట్టు. అయితే పొడి మాటలు ఇవాళ తీసుకోండి, తడి మాటలు నా ముక్కు ఆరాక తీసుకోండి అన్నాను. ఆయన ముక్కు మీద వేలేసుకున్నాడు. నాకు అసూయ వేసింది, నాకింకా ఆ యోగం లేదు.

పొడి మాటలన్నీ చదివాను. గొంతు కాస్త బరువుగానే ఉంది, అది నాకు తెలుస్తూనే ఉంది. కానీ ఈల లేదు. ఆయన హెడ్‌ఫోన్సు పెట్టుకుని చాలాసేపు విన్నాడు. ఆ ఇంకో అమ్మాయి అప్పటికే అన్నీ చదివేసి వెళ్లింది, బాగానే చదివిందట. పెద్దాఫీసు వాళ్లు ఇద్దరివీ విని, నావి మిగతావి కూడా విన్నాకే తేలుస్తామన్నారు. జూలై మొదటి వారం దాకా గడువిచ్చారు. అంటే ఇంకా అటూ ఇటూ కాలేదు. కానీ మొన్నటి వరకూ నాది పార్సిల్ కౌంటరే అనుకున్నాను. ఇవాళ అనుకోవడం లేదు.

బయటి వాపు బాగా తీసింది. వీధిలో ఎవరూ తిరిగి చూడటం లేదు. లోపలిదే మిగిలింది.

నువ్వు లైబ్రరీ పని అవగొట్టుకో. ఇప్పుడే బయలుదేరకు, కప్పు కూడా వేయించుకోవాలి కదా.

గంట


జూన్ 8

గంటమ్మకు,

సంతోషం. కాగితాలాయనకి నీ ఉత్తరం చదివి వినిపించాను. ఒకటి నుంచి పది దాకా ముక్కు మూసుకుని లెక్కపెట్టి, "నిజమేనండీ" అన్నాడు. అప్పటి నుంచి కొట్టుకొచ్చిన ప్రతివాళ్ల చేతా ముక్కు మూయించి లెక్కపెట్టిస్తున్నాడు.

ప్రతి ఉత్తరం చివరా రావద్దని రాస్తున్నావు. మొదట బెంచీ అన్నావు, తర్వాత మావయ్య అన్నావు, ఇప్పుడు కప్పంటున్నావు. నిజానికి ఎందుకో నాకు తెలిసిపోయింది, ఉద్యోగస్తురాలివి, నీ గది నీది, ఈ చెవిటి మేనత్త వచ్చి గట్టిగట్టిగా మాట్లాడుతుంటే నామోషీ. ఫరవాలేదు. నేను రాను, నువ్వు ఇంక రావద్దని రాయనక్కర్లేదు.

తడి ఫారాలు ఆరాయి. కొన్నిటికి అంచున చిన్న అల మిగిలింది. అది పోదు, పోనక్కర్లేదు.

అత్తయ్య


జూలై 9

అత్తయ్యా,

మూడు మూడే వచ్చింది. నాలుగు నాలుగే వచ్చింది. మొన్న స్టూడియోలో తొమ్మిది అన్నప్పుడు అద్దం అవతల రికార్డింగు ఆయన బొటనవేలు పైకెత్తాడు. ఊళ్ల పేర్లు, 'నంబరు', 'గమనించండి', 'ప్రయాణికులు', తడివన్నీ అయిపోయాయి. ఇవాళ కాగితం వచ్చింది. గొంతు నాదే. ఆగస్టు ఒకటి నుంచి అన్ని బస్టాండుల్లోనూ వేస్తారు, మన ఊళ్లో కూడా.

ఆ అమ్మాయి ఫోను చేసి అభినందించింది. పార్సిల్ కౌంటరు కాదు, రిజర్వేషన్లకి మార్చారట. తనకి అదే ఇష్టమట, నిజమో కాదో తెలియదు కానీ నాకు బరువు తగ్గింది.

పొడి మాటలు మళ్లీ చదవమంటారేమో అనుకున్నాను. జూన్‌లో చదివినవే బాగున్నాయి, తేడా ఎవరికీ తెలియదులే అన్నాడు ఆయన. నాకు మాత్రం తెలుస్తుంది.

ఇక నామోషీ సంగతి. నెల రోజులుగా దీనికి జవాబు రాయడం, చింపడం. నువ్వు గట్టిగా మాట్లాడతావనా నాకు నామోషీ? నువ్వు వినాలని గట్టిగా మాట్లాడీ మాట్లాడీ కదా నాకు ఈ గొంతు వచ్చింది. గంట అని పేరు పెట్టింది నువ్వే. నేను రావద్దన్నది నా కోసం కాదు. మావయ్యని తీసుకొచ్చిన బస్సు, అదే దారి, అదే బస్టాండులో దిగాలి. నువ్వు దిగి అక్కడ నిలబడిపోతే నేను ఏం చేయాలో నాకు తెలియదు. ఆ సంగతి రాయడానికి చెయ్యి రాక కప్పు మీద పెట్టాను.

రమ్మని ఎలా పిలవాలో తెలియడం లేదు. అందుకని పిలవడం లేదు.

గంట


ఆగస్టు 5

గంటమ్మకు,

ఇది మన బస్టాండులో బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. లైబ్రరీ పుస్తకాలు ఇచ్చేశాను. కప్పు వేయించాను. నాకింక సాకులు లేవు, నీకూ లేవు.

రోజూ పొద్దున వచ్చి ఇక్కడ కూర్చుంటున్నాను. మంచి చెవి స్పీకరు వైపు పెట్టుకుని. మొదటి రోజు విన్నప్పుడు నువ్వని గుర్తుపట్టలేదు. ఈల లేదు కదా. పక్కనున్నావిణ్ణి, ఎవరమ్మా ఆ మాట్లాడేది అని అడిగాను. మిషనండీ అంది. నా మేనకోడలమ్మా అని గట్టిగా చెప్పాను, బస్టాండంతా తిరిగి చూసింది.

కాసేపు కూర్చుంటే గుర్తు దొరికింది. రెండో నంబరు అన్నప్పుడు గొంతు తేలిగ్గా, శుభ్రంగా ఉంటుంది. ఆరో నంబరు అన్నప్పుడు కాస్త బరువుగా ఉంటుంది. ఆ బరువు తెలిసిందగ్గర నుంచి నాకింక ఈల అక్కర్లేకపోయింది. ఒకటి, ఐదు, ఆరు, ఏడు, పది. అవి దిండ్లు పేర్చుకుని కూర్చున్న నా పిల్ల. రెండు, మూడు, నాలుగు, ఎనిమిది, తొమ్మిది. అవి లేచి తిరుగుతున్న నా పిల్ల. ఇంతమంది వింటున్నారు, ఎవరికీ తెలియదు, అందరూ గబగబా బస్సులెక్కి పోతున్నారు. నువ్వు మంచంలో ఉన్నప్పుడు నన్ను రానివ్వలేదు. ఆ నువ్వుని నేను రోజూ ఇక్కడికొచ్చి చూసుకుంటున్నాను.

మీ ఊరి బస్సు ఐదో నంబరులో ఆగుతుంది. ఐదు జూన్‌లో చదివినది, ఊరి పేరు జూలైలో చదివినది. ఒక్క వాక్యంలోనే జబ్బుపడి లేస్తావు.

ఆయన్ని ఎక్కించుకుపోయింది కూడా ఈ బస్సే. అందుకే నాలుగు రోజులుగా అది వస్తే చూస్తున్నాను, వెళ్లిపోతే ఇంటికి పోతున్నాను. ఇవాళ సంచీ తెచ్చుకున్నాను. ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు, నా చేత్తోనే ఇస్తాను. అక్కడ దిగి నేను నిలబడిపోతే నువ్వేమీ చేయనక్కర్లేదు, పక్కన నిలబడు.

ఎలా పిలవాలో తెలియడం లేదని రాశావు కదా. ఇదుగో, ఇప్పుడే పిలిచావు. ఐదో నంబరు అన్నావు, ఊరి పేరు చెప్పావు, దయచేసి అని కూడా అన్నావు. అందరూ లేస్తున్నారు. నేనూ లేస్తున్నాను.

అత్తయ్య